లాగ్ బుక్‌లో ఏడో తారీఖు

1996 అక్టోబరు 13, ఆదివారం

ఇవాళ్టి నుంచి రెండు పుస్తకాలు రాయాలి. ఒకటి ఈ డైరీ, నాది. రెండోది జీపు లాగ్ బుక్.

మాధవరం వెళ్లి చంద్రరావు గారిని కలిశాను. ముప్పై ఏళ్లు సైన్యంలో బండ్లు నడిపి సుబేదారుగా రిటైరైన మనిషి. వచ్చే నెల 24న రాజమండ్రిలో జరిగే పాత బండ్ల ప్రదర్శనలో మిలటరీ బండ్లకు జడ్జి ఆయనే. మాది 1943 నాటి ఫోర్డ్ జీపు అని చెబితే లేచి నిలబడ్డారు. అయిదేళ్ల క్రితం తాడేపల్లిగూడెం పాత ఇనుము షెడ్డులో కోళ్లు గుడ్లు పెడుతుంటే చూసి కొన్నానని చెబితే కూర్చున్నారు.

మిలటరీ బండి పక్కన లాగ్ బుక్ ఉండి తీరాలట. ఇంజన్ ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లూ తేదీ, టైము, ఎందుకు వేశామో రాసి సంతకం పెట్టాలి. పేజీలకు నంబర్లు వేసిన పుస్తకం ఒకటి ఆయనే ఇచ్చి, మొదటి పేజీలో సంతకం చేశారు.

"మీ డైరీలో మీకు తోచింది రాసుకోండి రాజుగారూ, అడిగేవాడు లేడు. ఇది మాత్రం బండిది. ఇందులో జరిగింది జరిగినట్టు పడాలి" అన్నారు.

ఆ మాట నాకు బాగా నచ్చింది.

అక్టోబరు 21

ఫోర్డ్ వాళ్లు చేసిన ప్రతి బోల్టు తల మీదా ఎఫ్ అక్షరం ఉంటుంది. మన బండికి ఇంకా పదకొండు తక్కువ. హైమ పెరుగన్నం వడ్డిస్తూ, ఆ ఎఫ్ నేనే సుత్తితో కొట్టి ఇస్తానంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆవిడ నా జీపు మీద చూపిన శ్రద్ధ ఇదే.

నవంబరు 2

రంగు పూర్తయింది. రావులపాలెం నుంచి లారీలకు రంగులు వేసే అతన్ని తెచ్చాను. మెరుపు లేని ఆకుపచ్చ వేయమంటే అతనికి ఏడుపొచ్చినంత పని అయింది. చివరికి వెనకాల కనీసం ఒక తామరపువ్వయినా వేయనివ్వమని బతిమాలాడు. బానెట్ మీద తెల్ల నక్షత్రం ఒక్కటీ వేయించి పంపేశాను. సీట్లకు కొత్త కాన్వాసు కుట్టించాను. దాని మీద హైమను కూడా కూర్చోనివ్వలేదు.

దసరాకి బండి రంగు లేకుండా ఉంది కాబట్టి పూజ జరగలేదు. పంతులు గారు 17న ముహూర్తం పెట్టారు. పూజ అయ్యేదాకా బండి గేటు దాటకూడదు.

నవంబరు 4

అమలాపురం నుంచి మెకానిక్ బుల్లబ్బాయి వచ్చి కొత్త బ్యాటరీ బిగించాడు. స్విచ్ తిప్పి, కాలి కింద సెల్ఫ్ తొక్కితే ఒక్క తొక్కుడుకే అందుకుంది. యాభై మూడేళ్ల ఇంజన్. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. లాగ్ బుక్‌లో రాశాను, నీళ్ల సంగతి కాదు.

నవంబరు 5

ఇంజన్ పావుగంట ఆడించాను. రేడియోలో వాయుగుండం అంటున్నారు. ఏటా అంటారు.

నవంబరు 6, బుధవారం

గాలి. కరెంటు పోయింది. జీపు ధాన్యం కొట్లో ఉంది. టార్పాలిన్ కప్పి కొబ్బరి తాళ్లతో నాలుగు వైపులా కట్టాను. ముందు ఇంటి తలుపుల సంగతి చూడమని హైమ అరుస్తోంది.

నవంబరు 7

బండి తీయడం కుదరలేదు.

నవంబరు 8

నిన్న ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. వివరంగా రాసి పెట్టుకోవాలి. తర్వాత మరిచిపోతాను.

కొబ్బరి తోటలో నాలుగు వందల ఇరవై చెట్లుంటే నిలబడినవి తొంభై. రొయ్యల చెరువులకు గట్లు లేవు. గోదావరి పాయా, చెరువులూ ఒకటే నీరు. కొట్టు పైకప్పు మాత్రం చెక్కు చెదరలేదు. జీపు మీద ఒక్క చుక్క పడలేదు.

నిన్న పొద్దున్న ఏడున్నర అవుతుండగా వెంకన్న వచ్చాడు. మా తోటలో చెట్లెక్కి కాయలు దింపే వెంకన్న. వాడి భార్య పెద్దింట్లమ్మ పాయలో మోకాళ్ల లోతున నిలబడి వల లాగి రొయ్య పిల్ల పట్టి అమ్ముతుంది. మా చెరువుల్లోకి పిల్ల పోసేది ఆవిడే. గాలి తగ్గి తెల్లారాక ఆవిడ బియ్యం డబ్బా తెచ్చుకుందామని గుడిసెలోకి వెళ్తే, నానిపోయిన మట్టిగోడ కూలి కాలు దాని కింద నలిగిపోయిందట.

"బాబుగారండి, జీపు తీయండి. రోడ్డు మీద అన్నీ చెట్లేనండి. కాలవ గట్టు మీద మీ జీపొక్కటే వెళ్తాదండి" అన్నాడు.

"బ్యాటరీ లేదురా. చార్జింగ్‌కి పంపించాను" అన్నాను.

"ఆయ్" అన్నాడు. మళ్లీ అడగలేదు. వెనక్కి పరిగెత్తాడు.

నలుగురు కలిసి నులక మంచం మీద వేసుకుని కాలవ గట్టు వెంట అమలాపురం మోసుకెళ్లారట. పద్నాలుగు కిలోమీటర్లు. ఆసుపత్రి చేరేసరికి ఒంటిగంట దాటిందట.

గట్టు మీద కూడా చెట్లు పడ్డాయి. జీపు వెళ్లి ఉండేది కాదు. పూజ కూడా అవలేదు. పెట్రోలు ఎంతుందో చూడలేదు. మధ్యలో ఆగిపోతే ఆ మనిషికి మరీ ప్రమాదం. ఇన్ని కారణాలున్నాయి. అన్నీ చెప్పే తీరిక లేక బ్యాటరీ అని ఒక్కటి చెప్పాను, అంతే.

ఇవాళ బ్యాటరీ ఊడదీసి కొట్లో గోనెసంచుల వెనక పెట్టాను. వాడని బండిలో బ్యాటరీ ఉంచకూడదు.

నవంబరు 10

దీపావళి. ఊళ్లో ఒక్క దీపం లేదు. పెద్దింట్లమ్మకు మోకాలి పై వరకు తీసేశారట.

నవంబరు 12

మూడు గంటలు ముందు తెస్తే కాలు దక్కేదేమో అన్నారట డాక్టరు గారు. ఎవరింట్లో ఏం జరిగినా డాక్టర్లు ఆ మాటే అంటారు. మా నాన్నగారి విషయంలోనూ అన్నారు.

నవంబరు 15

రాజమండ్రి నుంచి ఉత్తరం. తుఫాను కారణంగా ప్రదర్శన జనవరి 26కి వాయిదా. మంచిదే. బోల్టులు వెతుక్కోవడానికి టైము దొరికింది.

నవంబరు 17

ముహూర్తం పెట్టాక మానకూడదని పూజ చేశాం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి బండి ముందుకు నడపాలి. దానికి బ్యాటరీ కావాలి. గోనెసంచుల వెనక నుంచి తెచ్చి బిగిస్తుంటే హైమ హారతి పళ్లెం పట్టుకుని చూస్తూ నిలబడింది.

"చార్జింగ్ నుంచి ఎప్పుడొచ్చిందండి?" అని అడిగింది.

మొన్న వచ్చిందన్నాను. మొన్న అమలాపురం బస్సు లేదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. నిమ్మకాయలు నలిగాయి. పూజ అవగానే బ్యాటరీ మళ్లీ తీసేశాను.

నవంబరు 29

వెంకన్న పడిపోయిన చెట్లు కొట్టడానికి వచ్చాడు. పెద్దింట్లమ్మను రాజమండ్రి పెద్దాసుపత్రికి మార్చారట, పుండు మానలేదట. వారానికి మూడు రోజులు అక్కడ, మిగతా రోజులు ఇక్కడ పని. పళ్లూ, రొట్టెలూ కొనుక్కెళ్లమని డబ్బులిచ్చాను. నేనే వెళ్లి చూడాలి. పనులు తెమలడం లేదు.

ఊళ్లో అంతా నా మీద జాలి పడుతున్నారట. రాజుగారు కొట్లో జీపు పెట్టుకుని కూడా బ్యాటరీ లేక చూస్తూ ఉండిపోవలసి వచ్చిందని. వెంకన్నే నన్ను ఓదార్చాడు. బ్యాటరీ ఉంటే బాబుగారు ఆగేవారాండి, మీరు మనసులో పెట్టుకోకండి అన్నాడు. మజ్జిగ తాగి గొడ్డలి భుజాన వేసుకుని తోటలోకి వెళ్లాడు.

సాయంత్రం దాకా ఆ గొడ్డలి చప్పుడు వింటూ ఏ పనీ చేయలేకపోయాను.

డిసెంబరు 8

బుల్లబ్బాయి చెప్పాపెట్టకుండా వచ్చాడు. నాలుగో తారీఖున నేనే కొత్తది బిగించాను కదండీ, మూడు రోజులకే చార్జింగ్ ఏమిటండి అన్నాడు. కొత్త బ్యాటరీ ఇచ్చి మోసం చేశాడని అమలాపురంలో ఎవరో అన్నారట. వాడి పరువు సమస్య.

నీ బ్యాటరీ తప్పు లేదు, రంగు వేసే అతను స్విచ్ వేసి వదిలేశాడు, రావులపాలెంలో చార్జింగ్ చేయించాను అన్నాను. అంటే నా చేతిపనిని ఇంకొకడి చేతిలో పెట్టారన్నమాట అని వాడు అలిగి వెళ్లిపోయాడు. నిజం చెబితే అలగకపోయేవాడు.

ఒక బ్యాటరీకి ఇప్పటికి రెండు ఊళ్లు, ఒక రంగులవాడు అయ్యారు.

డిసెంబరు 9

రంగులవాడు రెండో తారీఖునే వెళ్లిపోయాడు. బుల్లబ్బాయికి అది తెలుసు.

డిసెంబరు 19

సైకిలు మీద కాలవ గట్టు వెంట అమలాపురం దాకా వెళ్లి వచ్చాను. వ్యాయామం అవుతుందని. చెట్లు కోసి తీసేసినా మొద్దులు ఉన్నాయి, గట్టుకు అడ్డంగా మూడు చోట్ల పడ్డాయని తెలుస్తోంది. మొదటిది అవతలి గట్టు మీద వాలి ఉందట, అక్కడి టీ కొట్టు ఆవిడ చెప్పింది. ముందు అద్దం మడిచేస్తే జీపు దాని కింద నుంచి దూరిపోతుంది. రెండోచోట పక్క చేలోకి దిగి ఎక్కొచ్చు. నాలుగు చక్రాలూ లాగే బండి.

మూడోచోట కష్టం. మూడోచోట వెళ్లేది కాదు.

డిసెంబరు 20

మళ్లీ వెళ్లి టీ కొట్టు ఆవిడను అడిగాను. మూడోచోటి మొద్దు పాతది. ఆ రోజు అక్కడ పడింది చెట్టు కాదట. కొబ్బరి మట్ట.

1997 జనవరి 3

బోల్టులు ఇంకా నాలుగు కావాలి. ఏ పని మొదలెట్టినా మధ్యలో లేచి కొట్లోకి వెళ్తున్నాను. వెళ్లి గోనెసంచుల వెనక చూస్తాను. అది అక్కడే ఉంటుంది. ఎక్కడికి పోతుంది?

చెరువుల్లో పిల్ల పోసే రోజులు వచ్చాయి. పిల్ల ఎవరి దగ్గర కొందామని పాలేరు బుల్లియ్య అడిగాడు. నువ్వే చూడు అన్నాను.

జనవరి 12

లాగ్ బుక్ సరిచూస్తుంటే దొరికింది.

నవంబరు 7, గురువారం. ఉదయం 7.40. ఇంజన్ పది నిమిషాలు. ఒక్క తొక్కుడుకే స్టార్ట్. బ్యాటరీ ఫుల్. కారణం: తుఫాను తర్వాత పరీక్ష. కింద నా సంతకం.

నా చేతిరాతే. వెంకన్న అటు వెళ్లగానే కొట్లోకి వెళ్లి సెల్ఫ్ తొక్కాను. ఎందుకు తొక్కాను? స్టార్ట్ అవకుండా ఉంటే బాగుండునని తొక్కాను. అయింది. అయ్యాక అలవాటు కొద్దీ రాసేశాను. వాళ్లు మంచం ఎత్తుకునే సమయానికి నేను పెన్ను మూత తీస్తున్నాను.

పేజీ చించడానికి లేదు, నంబర్లున్నాయి. కొట్టివేతలుంటే మార్కులు తగ్గుతాయి. అయినా అన్ని పేజీలు ఎవరు చదువుతారు? వెంకన్నకు చదువే రాదు.

జనవరి 24

బట్టలు సర్దుతూ హైమ నన్ను ఒక్కటే అడిగింది, ఈ రెండున్నర నెలల్లో పెద్దింట్లమ్మను ఒక్కసారైనా చూసి వచ్చారా అని. ప్రదర్శన అయ్యాక వెళ్తానన్నాను. ఆవిడ తన చీరలు పెట్టెలోంచి తీసేసింది. నేను రానంది.

జనవరి 25, శనివారం

ఒక్కడినే జీపు నడుపుకుంటూ రాజమండ్రి వచ్చాను. దారి పొడుగునా జనం చేతులూపారు. జొన్నాడ వంతెన మీద ఒక పెద్దాయన సెల్యూట్ కూడా చేశాడు. మామూలు రోజుల్లో అయితే ఆ సెల్యూట్ గురించి రెండు పేజీలు రాసేవాణ్ణి. దిగింది లాడ్జిలో. కింద జీపు ఉంది. గదిలో కుర్చీ ఉంది కానీ కూర్చోలేకపోతున్నాను.

జనవరి 27

నిన్నటి సంగతి. ఇది మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తాను.

మైదానంలో పద్నాలుగు బండ్లు. మిలటరీవి మూడే. పదింటికి చంద్రరావు గారు ఇస్త్రీ చొక్కాకు పతకాలు పెట్టుకుని వచ్చారు. వంగి బోల్టులు ఒక్కొక్కటీ చూశారు. నాలుగు తక్కువని కనిపెట్టి వేలెత్తి చూపించారు. అప్పుడే జనంలో వెంకన్న కనిపించాడు. పక్కన రెండు చంకకర్రల మీద పెద్దింట్లమ్మ. ముందురోజే ఆసుపత్రి నుంచి పంపించేశారట. మన ఊరి జీపు ఇక్కడే ఉందని తెలిసి, చూసి పోదామని ఆగారట. మనిషి సగమైంది. నన్ను చూసి నవ్వింది.

స్టార్ట్ చేయమన్నారు చంద్రరావు గారు. కాలు పెట్టి తొక్కాను. ఒక్క తొక్కుడుకే అందుకుంది. జనం ఈలలు వేశారు. వెంకన్న మొహం వెలిగిపోయింది, జీపు వాడిదే అయినట్టు.

తర్వాత లాగ్ బుక్ తీసుకున్నారు. అక్కడే నిలబడి మొదటి పేజీ నుంచి చదివారు. ఒకచోట ఆగి, అందరికీ వినపడేలా మైకు అడిగి పుచ్చుకున్నారు.

"అందరూ వినండి. నవంబరు ఏడు, తుఫాను మర్నాడు. ఉదయం ఏడు నలభై. ఇంజన్ పది నిమిషాలు. ఒక్క తొక్కుడుకే స్టార్ట్. బ్యాటరీ ఫుల్. ఊరు ఊరంతా పడిపోయినా రాజుగారు బండిని మరవలేదు. మెయింటెనెన్స్ అంటే ఇదీ" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. వెంకన్న కూడా కొట్టాడు. పెద్దింట్లమ్మ కొట్టలేదు, చేతుల్లో కర్రలున్నాయి. ఆవిడ వాడి చెవి దగ్గర ఏదో అంది. వాడి చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

నాకు మొదటి బహుమతి ఇచ్చారు. కప్పు ఎవరు అందించారో గుర్తులేదు. దిగి వాళ్ల దగ్గరకు వెళ్లాను. కాళ్లు పట్టుకుందామనుకున్నాను, ఆ మాట మనసులోకి రాగానే సిగ్గుతో చచ్చిపోయాను. వెంకన్న నా మొహంలోకి చూడలేదు. నాతో మాట్లాడింది పెద్దింట్లమ్మే.

"బస్సు ఎక్కలేనండి. జీపులో దింపుతారాండి?" అంది.

ముందు సీట్లో కూర్చోబెట్టాను. కొత్త కాన్వాసు. వెంకన్న కర్రలు పట్టుకుని వెనక కూర్చున్నాడు.  అమలాపురం ఆసుపత్రి గేటు ముందుకు రాగానే పెద్దింట్లమ్మ ఆగమంది.

"టైమెంతయిందండి?"

నాలుగూ పది అని చెప్పాను.

"ఇంక పోనివ్వండి. కాలవ గట్టు మీద నుంచి పోనివ్వండి."

పోనిచ్చాను. ఆవిడ గట్టునే చూస్తూ కూర్చుంది. ఒకచోట, మంచం ఇక్కడ దించి మనుషులు మారారండి అంది. ఇంకోచోట, ఇక్కడ నాకు స్పృహ తప్పిందండి అంది. తిట్టినట్టు కాదు, తెలియని ఊళ్లో దారి చెబుతున్నట్టు చెప్పింది. వాళ్ల కొత్త పాక ముందు ఆపాను.

"ఇప్పుడెంతయిందండి?"

"నాలుగూ యాభై."

ఆవిడ వెనక్కి తిరిగి మొగుడితో, "నలభై నిమిషాలంటయ్యా" అంది.

"ఆయ్" అన్నాడు వెంకన్న. ఆ రోజు అన్నట్టే అన్నాడు.

"బ్యాటరీ బండిలోనే ఉందమ్మా ఆ రోజు. రక్తం అవుతుందని తీయలేదు. సీట్లు కొత్తవని తీయలేదు" అన్నాను. ఈ డైరీలో కూడా రాయని మాట నోట్లోంచి వచ్చేసింది.

పెద్దింట్లమ్మ చాలాసేపు సీటు మీద చెయ్యి వేసి ఉంచింది. తర్వాత వెంకన్న మెడ చుట్టూ చెయ్యి వేసి దిగింది. లోపలికి వెళ్లిపోయారు. తడిక తలుపు వేసుకున్నారు.

ఇంటికి వచ్చి లాగ్ బుక్‌లో రాశాను. జనవరి 26, ఆదివారం. అమలాపురం ఆసుపత్రి నుంచి మా ఊరు, కాలవ గట్టు మీదుగా. నలభై నిమిషాలు. ప్రయాణికులు ఇద్దరు. రిమార్కుల గడిలో, ఎనభై రోజులు ఆలస్యం అని రాసి సంతకం పెట్టాను. హైమకు చదవమని ఇచ్చాను. చదివి, పుస్తకం మూసి, అన్నం వడ్డించింది.

ఫిబ్రవరి 2

బ్యాటరీ బండిలోనే ఉంచాను. ఎవరికి ఏ అవసరం వచ్చినా ఏ వేళనైనా రమ్మని బుల్లియ్యతో ఊరంతా చెప్పించాను. వెంకన్న పనికి రావడం లేదు. వేరే తోటల్లో చేస్తున్నాడట.

ఫిబ్రవరి 9

పొద్దున్న చెరువు గట్టు మీద పని చేస్తున్న ఒకతన్ని పాము కరిచింది. కేకలు విని కొట్లోకి పరిగెత్తి ఇంజన్ వేశాను. గేటు తెరిచి, బండి రోడ్డు మీదకు తెచ్చి నిలబెట్టాను. అతన్ని ట్రాక్టర్ తొట్టిలో పడుకోబెట్టుకుని నా ముందు నుంచే వెళ్లిపోయారు. తొట్టిలో అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది వెంకన్న. జీపు వైపు ఎవరూ చూడలేదు.

లాగ్ బుక్: ఉదయం 9.15. ఇంజన్ ఇరవై నిమిషాలు. ఒక్క తొక్కుడుకే స్టార్ట్. ప్రయాణికులు లేరు.